ఔసలి ఇంటి మన్ను

సుగుణ నోటుబుక్కు పేజీ మీద నిలువుగా గీతలు గీసి మూడు గడులు చేసింది. ఒక్కో గడి నెత్తిన ఒక్కో వాడ పేరు రాసింది. ధాన్యం అమ్మే గంజి వెనుక గల్లీ, కోర్టు బంగళాలు, కొత్త కాలనీ. పక్కన నీళ్ళు, గాలి, చప్పుడు, ఇరుగుపొరుగు అని వరసగా వేసి, ఒక్కోదానికి ఇరవై అయిదు మార్కులు పెట్టింది. బి.ఎ.లో ఎకనామిక్స్ చదివినందుకు ఇన్నాళ్ళకు ఒక ఉపయోగం దొరికిందని ఆమె సంతోషం. పెళ్ళయి నలభై రోజులైంది. హెడ్ గుమాస్తా గారి మేడ మీది ఒంటి గదిలో కాపురం. పొయ్యి కూడా వాళ్ళదే. తన పొయ్యి, తన వాకిలి, తన ముగ్గు ఎప్పుడా అని ఆమె రోజులు లెక్కపెడుతున్నది.

"నువ్వు ఇల్లు వెతుకుతున్నవా, పరీక్ష పేపర్లు దిద్దుతున్నవా?" అన్నాడు భర్త నరహరి. కాలువల సర్వే ఆఫీసులో అతను సూపర్‌వైజరు. ఆదివారం పూట కూడా టేపు పట్టుకున్నట్టు అడుగులు కొలిచి నడుస్తాడు.

"గంజి గల్లీకి నూటికి పద్దెనిమిది," అన్నది సుగుణ, నడుస్తూనే రాస్తూ.

ముందు గొడుగు చంకన పెట్టుకుని పోతున్న ఫజలుద్దీన్ వెనక్కి తిరిగాడు. ఆఫీసు జవాను. కరీంనగరులో ఏ ఇంటి గోడకు ఏ ఇంటి వాసం ఆనుతుందో అతనికి తెలుసు. "పద్దెనిమిదంటే ఫేలే గద బీబీ? నేను ఆడ్నే పుట్టిన."

సుగుణ నాలిక కరచుకున్నది. "ఇరుగుపొరుగుల ఇంకో అయిదు కలుపుతా."

"ఇరవై మూడు. అయినా ఫేలే," అని నవ్వాడు అతను.

నిజానికి గంజి గల్లీలో రెండు నిమిషాలు నిలబడేసరికి గడపల మీద తల దువ్వుకుంటున్న ఆడవాళ్ళు ఆమె చీర ధర, తల్లిగారి ఊరు, ఎన్నో నెల అనేదాకా అడిగేశారు. నూనె మిల్లు దబ్బుదబ్బుమంటుంటే పల్లీల పొట్టు ఎగిరొచ్చి జుట్టులో చిక్కుకున్నది. మోరీ మీద బండ లేదు. కోర్టు బంగళాల దగ్గర మనుషుల కంటే గేట్లే ఎక్కువ కనిపించాయి. ఒక కుక్క గేటు లోపల, వాళ్ళు గేటు బయట, వీధి చివరిదాకా కలిసి నడిచారు.

కొత్త కాలనీలో అడుగు పెట్టగానే సుగుణ నోటుబుక్కు మూసేసింది. తాడు పట్టి గీసినట్టున్న వీధులు. ఇటుకల గూళ్ళలో కానుగ మొక్కలు. గేట్ల మీద నల్లరాతి పలకల్లో వకీళ్ళ పేర్లు, డాక్టర్ల పేర్లు. ఒక కిటికీలోంచి రేడియో. బాటలు ఇంకా పూర్తిగా పడలేదు. పల్లం ఉన్నచోటల్లా ఎర్ర మొరం పోసి ఉంది. "దీనికి మార్కులు వెయ్య. కొలిస్తే దిష్టి తగులుతది," అన్నది.

రెండో వీధి చివర ఒక పాత పెంకుటిల్లు ఉంది. కాలనీ రాకముందు నుంచీ ఉన్నది. అప్పుడు చుట్టూ చెలకలు. ఊరు పెరుగుతూ వచ్చి దాని చుట్టూ తిరిగి నిలబడ్డది. ముందు నీడకు సాయబాను, నున్నటి కర్ర స్తంభాలు, వెనుక చేదబావి, బావి పక్కన దానిమ్మ చెట్టు. సుగుణ భర్త మోచేతిని ఎవరూ చూడకుండా గిల్లింది. అంటే ఇదే అని.

"ఖాళీ అయితది బీబీ. ఇంటాయన లచ్చయ్య సావుకారి చెప్పిండు," అన్నాడు ఫజలుద్దీన్. గేటు తీస్తూ ఎందుకో గొంతు తగ్గించాడు.

యాభై ఏళ్ళ ఆమె ఒకతె ఎదురొచ్చింది. కొత్త దంపతులను, సుగుణ మెడలోని కొత్త పుస్తెలతాడును చూసి ఆమె ముఖం విచ్చుకున్నది. "రాండ్రి, రాండ్రి," అని చాప పరిచింది. చెంబుతో నీళ్ళిచ్చింది. లోపలికి పోయి ఎర్రగుడ్డ మూట తెచ్చి విప్పింది. అందులో వెండి తీగతో అల్లిన కుంకుమ భరిణె, అత్తరుదానీ, నెమలి బొమ్మ. భరిణె సుగుణ అరచేతిలో ఉన్నదో లేదో తెలియనంత తేలిక. సాలెగూడుకు వెండి నీళ్ళు పట్టించినట్టుంది.

"అబ్బ, ఎంత బాగున్నదో," అని, తిరిగి ఇచ్చేసి, "వంటిల్లు ఎటు?" అని అడిగింది.

ఆమె ఒక్క క్షణం తెల్లబోయి, చెయ్యి కడుక్కోవడానికేమో అనుకుని, ముందు నడిచింది. వంటిల్లు దాటితే ఒక చీకటర్ర. కిటికీ లేదు. గడప దగ్గర ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "జర ఆగుండ్రి. ఊపిరి మీదున్నడు."

లోపల ఒక దీపం. దాని ముందు ముసలి ఔసలి ఒకడు ఊదుగొట్టం పెదవుల మధ్య పెట్టుకుని మంటను సన్నటి సూదిగా చేసి వెండి పువ్వు మీదికి ఊదుతున్నాడు. బుగ్గలు నిండి ఉన్నాయి. మంట కదలదు, మనిషి కదలడు. పువ్వు రేకు ఒక్కటి నీళ్ళ మెరుపులా మెరిసి అతుక్కున్నది. అప్పుడు ఊపిరి వదిలాడు. ఒడిలోని గుడ్డను జాగ్రత్తగా మడిచి ఒక కుండలో దులిపాడు. గడప దాటేముందు పీచుతో రెండు పాదాలూ తుడుచుకున్నాడు.

సుగుణకు నవ్వొచ్చింది. "అందరూ లోపలికి వచ్చేముందు కాళ్ళు తుడుచుకుంటరు. ఈయన బయటికి వచ్చేముందు తుడుచుకుంటున్నడు," అని భర్త చెవిలో చెప్పింది. గేటు దగ్గరికి వచ్చాక ఫజలుద్దీన్‌తో, "ఆ చీకటర్రల మట్టినేల ఒక్కటే బాగలేదు. అది తీసేసి శాబాదు బండలు వేస్తే సామానుకు పెట్టుకోవచ్చు," అన్నది.

"చలో సాబ్, ఎండైతుంది," అని అతను గొడుగు విప్పాడు.

వెనుక నుంచి ఆమె కేక వేసింది. "భరిణె నచ్చితే మల్ల రాండ్రి బిడ్డా!"

సోమవారం సాయంత్రం లచ్చయ్య సావుకారి బట్టల దుకాణంలో తెల్లటి పరుపు మీద కూర్చుని సోడా తాగారు. లచ్చయ్య మెత్తటి మనిషి. గొంతు ఎత్తడు. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగి, తల ఒక పక్కకు వాల్చి నవ్వుతాడు.

"మా అత్తమ్మ ఉత్తరం రాసింది," అన్నది సుగుణ. "ఆషాఢం వస్తే కొత్తింట్ల పాలు పొంగియ్యద్దట. ఈ గురువారం ద్వాదశి మంచిదట. అది దాటితే మళ్ళ నెల రోజులు ఆ ఒంటి గదే."

"గురువారమంటే..." లచ్చయ్య వేళ్ళు లెక్కపెట్టాడు. "ఔసలి దశరథం పంతొమ్మిదేండ్ల సంది ఉన్నడు బిడ్డా. ఆషాఢం దాటినంక తీరుబడిగ పోతనన్నడు."

"ఆషాఢం దాటితే మాకెట్ల?" సుగుణ నవ్వింది. అడిగితే ఇచ్చేవాళ్ళ మధ్య పెరిగిన నవ్వు అది. "గురువారమే కావాలె. ఆ చీకటర్రకు బండలు కూడా."

"ఇంత చదువుకున్న బిడ్డ అడిగితే కాదంటనా?"

"మరి వాళ్ళు ఏడికి పోతరు?" అని నరహరి అడిగాడు.

"ఔసలోళ్ళకు ఇల్లు కరువా సారూ? కుంపటి ఏడ పెడితె ఆడనే ఇల్లు."

దుకాణంలో ఉన్నవాళ్ళు నవ్వారు. సుగుణ కూడా నవ్వింది. తలుపు దగ్గర నిలబడ్డ ఫజలుద్దీన్ మాత్రం చెప్పులు సర్దుకుంటూ వంగి ఉన్నాడు.

బుధవారం పదకొండు గంటలకు సుగుణ ఒంటరిగా కొత్తింటికి వచ్చింది. ఇల్లు ఖాళీ. గోడలకు సున్నం పడ్డది. చీకటర్రలో నిన్ననే పరిచిన బండలు నీలంగా, చల్లగా. చెప్పులు విడిచి బండ మీద నిలబడి పాదాలతో ఆ చల్లదనాన్ని తాగింది. ఇక్కడ బియ్యం డబ్బా, అక్కడ పచ్చడి జాడీలు. తనలో తనే గట్టిగా నవ్వుకుంటే గదిలో ప్రతిధ్వని వచ్చింది. ఎవరైనా విన్నారేమోనని నోరు మూసుకున్నది.

ఎదురింటి వకీలు గారి భార్య అనసూయమ్మ గేటు దగ్గర నిలబడి పిలిచింది. "కొత్తగ వచ్చింది మీరేనా? రండమ్మా, చాయ్ తాగుదురు."

పింగాణీ కప్పులు, సాసర్లు, బిస్కట్లు. మేజా మీద కుట్టుపని గుడ్డ. "ఇన్నాళ్ళు ఆ ఇంట్లోంచి పొగ, టక్కుటక్కు. కాలనీలో ఔసలి కొలిమి ఏందమ్మా అని మా వాళ్ళు అంటనే ఉండిరి. ఇప్పుడు వీధికి వీధి అందం వచ్చింది," అన్నది అనసూయమ్మ. "శుక్రవారం శుక్రవారం మా ఆడవాళ్ళం కలుస్తం. మీరు చదువుకున్నవాళ్ళు, పుస్తకాల అలమారి మీరే చూసుకోవాలె."

సుగుణకు మనసు గాలిపటం అయింది. కరీంనగరు తనను పేరు పెట్టి పిలిచినట్టనిపించింది.

అప్పుడే బయట గీకుడు చప్పుడు వినబడ్డది. అనసూయమ్మ కిటికీ తెర జరిపి, "అయ్యో, ఇదేంది!" అంటూ లేచింది. సుగుణ వెంట వచ్చింది.

గేటు ముందటి పల్లంలో నిన్న కొత్తగా మన్ను పోసి చదును చేశారు. అక్కడ శంకరవ్వ గొంతుక్కూర్చుని కొడవలి మొనతో మన్ను గీకి గోనెసంచిలోకి ఎత్తుతున్నది. ఎర్రగుడ్డ విప్పి భరిణె చూపించిన ఆమే. పేరు అప్పుడే, అనసూయమ్మ నోటి వెంట, తెలిసింది.

"ఏం శంకరవ్వా, బాట తవ్వుతున్నవు? రేపో మాపో వాన వచ్చేటట్టున్నది. గుంత పడితే మా గేట్లకు నీళ్ళొస్తయి. లే."

"అమ్మా, గిది మా మన్నమ్మా. మా అర్రల నేల. మేము బండి కట్టుకుంటుంటెనే కూలోళ్ళు తవ్విండ్రు. మేము ఇటొచ్చి చూసేసరికి గీడ పోసిండ్రు. నాలుగు సంచులు ఎత్తుకపోత."

"మన్ను మీదేంది? ఊళ్ళె మన్ను లేనట్టు."

శంకరవ్వ తలెత్తింది. సుగుణను చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆసరా దొరికిన వెలుగు ఉంది. "గీ అమ్మను అడుగుండ్రి. ఆదివారం మా అర్ర చూసింది. మా ముసలాయన పని చూసింది. చెప్పు బిడ్డా, గది మా నేలే గద?"

అనసూయమ్మ సుగుణ వైపు తిరిగింది. "మీకు ఎరుకేనా వీళ్ళు?"

సుగుణ చేతిలో ఇంకా సగం బిస్కట్టు ఉంది. చెప్పాల్సింది ఒక్క మాట. ఆ ఒక్క మాట వెనుక, తన కోసం ఖాళీ చేయించారన్న సంగతి, ఆదివారం చాప మీద కూర్చుని నీళ్ళు తాగిన సంగతి, అన్నీ వరసగా వస్తాయి.

"నాకేం తెల్వదండి," అన్నది. "బండలు వేసిండ్రని మాత్రం తెలుసు."

శంకరవ్వ సంచిలో అడుగున ఉన్న పిడికెడు మన్ను చూసుకున్నది. లేచి, మోకాళ్ళు దులుపుకోబోయి ఆగి, ఆ దులిపిన మన్ను కూడా సంచిలోనే పడేలా వంగి దులుపుకుని, సంచి మూతి ముడి వేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం హెడ్ గుమాస్తా గారి మెట్ల మీద ఫజలుద్దీన్‌ను నిలబెట్టి అడిగింది. అతను టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఔసలోని నేల అంటే వాడు సొమ్ము దాచుకునే సందుగ బీబీ. ఆకురాయి పెట్టినా, తీగ కోసినా, కంటికి కానరాని వెండి రాలుతనే ఉంటది. అందుకే కిటికీ ఉండద్దు, గాలి రావద్దు. అందుకే గడప దాటేముందు కాళ్ళు దులుపుతరు. బయటి మనిషిని లోపటికి రానియ్యరు. ఇల్లు విడిచేనాడు జానెడు లోతు నేల తవ్వి, సంచులకెత్తి, మానేరు నీళ్ళల కడిగి వెండి తీస్తరు. ఐదారు దినాల పని. పంతొమ్మిదేండ్ల మన్ను అది."

"నువ్వెందుకు చెప్పలే?"

"చెప్దామనే వచ్చిన. మీ ముఖంల గా ఖుషీ చూసి నోరు రాలే బీబీ. నాదీ తప్పే."

అన్నం తింటుంటే నరహరి అన్నాడు, "లచ్చయ్యతో మాట్లాడుదాం. ఇంకో వారం ఆగుదామా?"

"ఆగి ఏం చేస్తరు? మన్ను బాట మీద పడ్డది." తర్వాత మెల్లగా, "వకీలు గారి ఆమె నన్ను అడిగింది. నేను తెల్వదన్న," అన్నది. నరహరి ముద్ద కలపడం ఆపాడు. ఏమన్నా అంటాడేమోనని ఆమె చూసింది. అతను నీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపాడు, అంతే. తిట్టినా బాగుండేదనిపించింది.

గురువారం పాలు పొంగాయి. కొత్త ఇత్తడి గిన్నె మూడు పక్కలా తెల్లగా పొంగి పొయ్యిలో చుయ్యిమన్నది. ఇన్నాళ్ళూ ఈ చప్పుడు కోసమే ఎదురుచూసింది. ఇప్పుడు వినబడుతుంటే గిన్నె దించాలని తొందరపడ్డది. అనసూయమ్మ, మరో నలుగురు కాలనీ ఆడవాళ్ళు పసుపు కుంకుమలు పెట్టుకుని, చీకటర్ర బండలు చూసి, మెచ్చుకుని పోయారు.

లచ్చయ్య కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. సుగుణ అతన్ని బావి దగ్గరికి తీసుకుపోయి అడిగింది. "ఆ నేల తవ్వుకుంటమని వాళ్ళు అడుగలేదా?"

"అడిగిన్రు బిడ్డా. వారం దినాల గడువు అడిగిన్రు. గురువారం పాలు పొంగియ్యాలని నువ్వంటివి. బండలు వేసి సున్నం ఆరాలంటే మంగళవారమే తవ్వాలె. నేను నీ మాట పట్టుకున్న." తల ఒక పక్కకు వాల్చి, అదే మెత్తటి నవ్వు నవ్వాడు. ఆ నవ్వులో వంకర ఏమీ లేదు. అతను చెప్పింది అక్షరాలా నిజం.

అతను పోయాక అత్తగారి ఉత్తరాన్ని మళ్ళీ తీసి చదివింది. మొదటి పేజీలో ద్వాదశి, పాలు. రెండో పేజీలో, "ఆషాఢంల కొత్తకోడలు మెట్టినింట్ల ఉండద్దు, మీ అన్నను పంపుమని మీ తల్లికి రాసిన, శనివారం బయల్దేరు. నరహరి నెల దినాలు హోటల్ల తింటడు, ఆఫీసు క్యాంపులుండనే ఉన్నయి." ఈ పేజీ ఆమె మొదటిరోజే చదివింది. తల్లిగారింటికి పోతున్నానని ఎగిరి గంతేసింది కూడా. రెండు పేజీలనూ కలిపి చదవలేదు. శనివారం నుంచి ఈ ఇంటికి తాళం పడుతుంది. నెల రోజులు తాళం పెట్టుకునే ఇంటి కోసం మూడు రోజుల్లో ఖాళీ చేయించింది.

శుక్రవారం ఆడవాళ్ళ సమావేశానికి పోలేదు. ఫజలుద్దీన్‌ను వెంటబెట్టుకుని గంజి గల్లీకి పోయింది. నూనె మిల్లు వెనుక, ఖాళీ పీపాలు పెట్టుకునే రేకుల కొట్టం. రెండు దినాల్లో ఇల్లెవరిస్తారు? మిల్లులో లెక్కలు రాసే మునీం దయతలచి అది ఇచ్చాడు. శంకరవ్వ గోనెపట్టాలు తడిపి మూడు పక్కలా గాలికి అడ్డం కట్టింది. లోపల దశరథం చేతులు ఒడిలో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉన్నాడు. మిల్లు దబ్బుమన్నప్పుడల్లా ముందున్న పలక అదురుతున్నది. పలక మీది తీగముక్కలు చీమల్లా కదులుతున్నాయి.

"పన్నెండు గంటలకు మిల్లు ఆగుతది," అన్నాడు ఆయన, ఎవరో అడిగినట్టు. "గా గంట సేపు అతుకుతున్న."

శంకరవ్వ చాప పరచలేదు. పొయ్యి ముందు నుంచి లేవలేదు.

సుగుణ నిలబడే చెప్పింది. వస్తూ నాలుగుసార్లు మనసులో చెప్పుకున్న మాటలు. తాను రేపు తల్లిగారింటికి పోతున్నదనీ, నెల రోజులు ఇల్లు తాళమే అనీ, ఈ నెల వాళ్ళే వచ్చి ఉండొచ్చనీ, ఆ లోపల ఇంకో ఇల్లు చూసుకోవచ్చనీ. తాళంచెవి ముందుకు చాచింది.

శంకరవ్వ తాళంచెవిని చూసి, మంట ఎగదోసింది. "పాలు పొంగిచ్చినవు. ఇగ గది నీ ఇల్లు. విడిచిన గడప శూన్యమాసంల మల్ల తొక్కుతరా ఎవరన్న? మీ అత్త నీకు చెప్పిన శాస్త్రమే మాకూ ఉంటది బిడ్డా."

"పోనీ బండలు తీయిస్త. కింద ఇంకా తవ్వుకోండి."

ఈసారి దశరథం నవ్వాడు. పళ్ళు లేని నోటితో, నిజంగానే నవ్వొచ్చి. "బండల కింద ఏముంటదమ్మా? వెండి జానెడు కన్న లోతు దిగదు. తీసిన మన్నులనే ఉండె అంత." చూపుడువేలితో కన్ను కింద తుడుచుకున్నాడు. "ఇంకో రెండేండ్లు చూపు ఆనుతదేమో. చూపు పోయినంక కూసుండి తినుటానికి గా మన్నే గద అనుకున్న."

"మరి బాట మీద నుంచి ఎత్తుకోవచ్చు గద? మళ్ళ పోలేదా అవ్వా?"

"పోయిన," అన్నది శంకరవ్వ. "నిన్న పొద్దున పోయిన. వకీలు సారు జవాన్ను పెట్టి ఎల్లగొట్టిండు. గా కాలనీల మేము పంతొమ్మిదేండ్లు ఉన్నం. మా నేల మాదని చెప్పెటందుకు ఒక్క నోరు లేకపాయె."

మిల్లు దబ్బుమన్నది. తీగముక్కలు కదిలాయి. సుగుణ తాళంచెవి పిడికిట్లో పట్టుకుని గల్లీ దాటింది. గడపల మీది ఆడవాళ్ళు పలకరించారు. ఆగకుండా నడిచింది.

సాయంత్రానికి జగిత్యాల నుంచి అన్న దామోదర్ వచ్చాడు. "రేపు తొమ్మిదింటి బస్సు. ఎల్లుండి అమావాస్య, ఆ తెల్లారి ఆషాఢం. అమ్మ నీకోసం సకినాలు చేయించింది," అన్నాడు. ట్రంకుపెట్టె సర్దింది. సర్దుతున్నంతసేపూ అన్న ఏదో హాస్యం చెబుతూనే ఉన్నాడు. ఏ మాటకు నవ్వాలో ఆమెకు అందలేదు.

శనివారం ఇంకా ఎండ రాకముందే సుగుణ బండలవాళ్ళు మరిచిపోయిన పార, బావి దగ్గరి గంప తీసుకుని బాట మీదికి వచ్చింది. కొంగు నడుముకు దోపుకున్నది. పసుపు పాదాలతో మన్నులో నిలబడి పార దించింది. పార ఎగిరి పక్కకు జారింది. రెండోసారికి కాస్త మన్ను లేచింది. పది దెబ్బలకు అరచేతిలో బొబ్బ లేచింది. అయినా అదొక రకంగా హాయిగా ఉంది. నొప్పి పుట్టినకొద్దీ బరువు దిగుతున్నట్టుంది. గంప సగం నిండింది.

"నువ్వు మొరం ఎత్తుతున్నవు."

శంకరవ్వ. చంకన మడిచిన గోనెసంచులు. వీధి లేవకముందే నాలుగు పిడికిళ్ళు ఎత్తుకుపోదామని వచ్చినట్టుంది. వంగి గంపలోంచి చిటికెడు తీసి రెండు వేళ్ళ మధ్య రాసింది. "ఎర్రది మొరం. కింద ముందు నుంచి ఉన్నది. మాది నల్లగుంటది, బొగ్గు కలిసి. ఇగో, ఇటు ఒడ్డుకున్నది." గంప బోర్లించింది. సుగుణ అరగంట కష్టం ఒక కుప్పగా పడ్డది.

"చూపియ్యి అవ్వా. నేను తవ్వుత."

"ఆ పార ఇటియ్యి."

"నేను తవ్వుతనంటున్న గద."

"నువ్వు తవ్వితే గంపెడు తవ్వుతవు," అన్నది శంకరవ్వ. గొంతులో కోపం లేదు, పని తొందర ఉంది. "నువ్వు నిలబడితే నేను పది గంపలు తవ్వుత. మొన్న నువ్వు నిలబడలేదనే గద నేను పోయిన. ఇటియ్యి. నువ్వు గాడ నిలబడు, నీడల కాదు, అందరికి అవుపడేటట్టు."

సుగుణ పార ఇచ్చింది. చూపించినచోట, వకీలు గారి గేటుకు ఎదురుగా, నడిబాట మీద నిలబడ్డది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నడుము మీద పెట్టుకుంటే పని చేయించుకునే దొరసానిలా ఉంటుంది. కట్టుకుంటే తప్పు చేసినదానిలా ఉంటుంది. వదిలేసింది. శంకరవ్వ పార పట్టిన తీరే వేరు. పైపైన, చర్మం ఒలిచినట్టు నల్లమన్నును మాత్రమే లేపుతున్నది. సంచి మూతి మోకాళ్ళతో పట్టుకుని, ఒక్క రేణువు పక్కకు పడకుండా పోస్తున్నది.

వీధి లేచింది. డాక్టరు గారింటి పాలాయన సైకిలు ఆపి చూసి, సుగుణకు నమస్కారం పెట్టి పోయాడు. వాకిట్లో పేపరు చదువుతున్న ముసలాయన కళ్ళద్దాల మీదుగా చూసి, మళ్ళీ పేపరులో పడ్డాడు. సుగుణ అక్కడ ఉన్నది కాబట్టి ఎవరూ ఏమీ అనడం లేదు. ఏమీ చేయకుండా నిలబడ్డందుకు ఇంత బలం ఉండటం ఆమెకు సిగ్గనిపించింది. రెక్కలు విరిగేలా తవ్వుతున్నప్పుడు ఇంత సిగ్గు లేదు.

గేటు తెరుచుకున్నది. అనసూయమ్మ తలస్నానం చేసి తువ్వాలు చుట్టుకుని ఉంది. "సుగుణమ్మా, పొద్దున్నే పని పెట్టించినవా? బాట తవ్విస్తున్నవేంది?"

శంకరవ్వ పార ఆగింది. తల ఎత్తలేదు.

"నా పని కాదండి," అన్నది సుగుణ. "ఈ మన్ను వాళ్ళది. వాళ్ళ అర్రలది. వెండి పొడి ఉంటది ఇందుల. బుధవారం మీరు అడిగితే నేను తెల్వదన్న. నాకు తెలుసు. ఆదివారం వాళ్ళింట్ల నీళ్ళు తాగిన. నేను తొందరపెడితెనే వాళ్ళను మంగళవారం ఖాళీ చేయించిండ్రు."

అనసూయమ్మ ఆమెను కొత్తగా చూస్తున్నట్టు చూసింది. "మరి వానొస్తే మా గేటు ముందట గుంత?"

"మొరం పోయిస్త. ఇయ్యాలనే."

"నువ్వు పోయిస్తవా?" అనసూయమ్మ తువ్వాలు సర్దుకున్నది. ఇంతకుముందు మీరు అన్న నోటితో నువ్వు అన్నది. "చదువుకున్నదానివని అనుకున్న." గేటు మూసుకున్నది. లోపల గొళ్ళెం పడ్డ చప్పుడు వీధంతా వినబడ్డది. కాసేపటికి రేడియో గొంతు కిటికీ తలుపుల వెనుక సన్నబడింది.

పార మళ్ళీ కదిలింది.

ఎనిమిదిన్నరకు దామోదర్ రిక్షాలో ట్రంకుపెట్టె ఎక్కించి వీధి మలుపు దగ్గర నుంచి కేక వేశాడు. "చెల్లె! ఏం చేస్తున్నవే ఆడ? బస్సు పోతది!" నరహరి అతని వెనుక నిలబడి సుగుణను, శంకరవ్వను, గొళ్ళెం పడ్డ గేటును చూశాడు. అంతా చూసి, రిక్షా మీది పెట్టెను తానే దించాడు.

"రేపు అమావాస్యనే! అమ్మకు ఏం చెప్పాలె?" అన్నాడు దామోదర్.

"మధ్యాహ్నం బస్సుంటది గద అన్నా. లేకపోతే లేదు. నువ్వు పోయి చాయ్ తాగు," అన్నది సుగుణ, ఉన్నచోటు నుంచే.

మూడు సంచులు నిండాయి. మూడో సంచి మూతి కట్టి శంకరవ్వ నడుం నిటారు చేసుకున్నది. ఇందులో వెండి ఎంతుందో, మొరం ఎంతుందో మానేరులో కడిగితే గాని తెలియదు. ఆ సంగతి ఆమె చెప్పలేదు, సుగుణ అడగలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. బొబ్బ మండుతున్నది. నీళ్ళు తాగాలనిపించి సుగుణ ఇంటి వైపు రెండడుగులు వేసింది.

"జరుగకు బిడ్డా," అన్నది శంకరవ్వ, నాలుగో సంచి విప్పుతూ, తల ఎత్తకుండానే. "ఇంకొక్కటున్నది. గాడనే ఉండు."

సుగుణ వెనక్కి వచ్చి, తన అడుగుల గుర్తులు చూసుకుని, ఆ గుర్తుల్లోనే నిలబడ్డది.